ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పాలి

టింకర్ సరస్సు కాటేజీలవాళ్ళకి ఏటా వేసవిలో నెలకోసారి ఒక వార్తల కాగితం అందుతుంది. లూన్ పక్షులు ఏ మూల గూడు కట్టాయి, నీళ్ళు ఎంత తగ్గాయి, మొక్కజొన్న పండగ ఎప్పుడు, ఎవరి కుక్క ఎవరి చెప్పులు ఎత్తుకుపోతోంది, ఇవన్నీ అందులో ఉంటాయి. రాసేది లోర్నా పెట్రీ. మిగతా ఏడాదంతా పట్నంలో బేకరీ బల్ల వెనక నిలబడి రొట్టెలు కోసే మనిషి. రాతకోతలు ఆమె పని కాదు. కానీ సంఘం సమావేశంలో ఎవరు రాస్తారని అడిగినప్పుడు అందరూ తమ బూట్ల వంక చూసుకున్నారు. ఎవరూ రాయకపోతే పడవల జాగ్రత్తలు జనానికి ఎవరు చెప్తారన్న బెంగతో ఆమె చెయ్యెత్తింది.

అందుకే ఆ కాగితంలో లూన్ పక్షులకి నాలుగు వాక్యాలు దక్కితే, పడవల జాగ్రత్తలకి వెనకపక్కంతా దక్కేది. లైఫ్ జాకెట్ పడవలో పడేసుకుంటే లాభం లేదు, ఒంటికి తగిలించుకోండి. కెనూ తెడ్డుతో నడిపే సన్నపడవ, అందులో లేచి నిలబడకండి. జాకెట్‌కి ఈల కట్టుకోండి. నీళ్ళలో దాగిన గూనిబండ చుట్టూ గుర్తుగా తేలే తెల్లడబ్బాలకి లోపలిపక్క వెళ్ళకండి, ఈ ఏడు నీళ్ళు తక్కువ.

"ఇది చదివినవాడు స్నానానికి కూడా దిగడు" అనేవాడు ఆమె భర్త గ్రాంట్.

"దిగకపోతే నాకూ నిద్రపడుతుంది" అనేది లోర్నా.

ఆమె మనసు అలాంటిది. నీళ్ళలో దుంగ తేలుతూ కనిపిస్తే ముందు మనిషేమో అనుకునేది. దూరంగా పిల్లలు కేకలు వేస్తే ఆ కేకలు ఆటవో కావో తేలేదాకా చేతిలో గరిటె కదిలేది కాదు. ఆమెకి ఒక్కతే కూతురు, టిల్లీ. పదిహేనేళ్ళు నిండాయి. ఆ వేసవి మొదట్లోనే, తల్లి వద్దంటున్నా వినకుండా, నడుము దాకా ఉన్న జుట్టుని చెవుల పైకి కత్తిరించుకొచ్చింది.

"ఈదేటప్పుడు అడ్డం పడుతోందమ్మా."

"ఈదేటప్పుడు జుట్టు పట్టుకుని పైకి లాగడానికైనా ఉండేది" అంది లోర్నా. టిల్లీ కళ్ళు తిప్పి, వంటగదిలోంచి వెళ్ళిపోయింది.

పదిహేను నిండితే టింకర్ సరస్సు మీద పిల్లలకి రెండు హక్కులు వస్తాయి. ఒకటి, కెనూ ఒంటరిగా తీసుకెళ్ళడం. రెండు, రేవులో బోర్డు మీద సొంత బిళ్ళ.

ఆ ఒడ్డంతా రాళ్ళే కాబట్టి ఇంటింటికీ రేవు లేదు. మట్టిరోడ్డు ఆగిపోయేచోట అందరికీ కలిపి ఒకటే రేవు. మోటారు పడవలు, కెనూలు అన్నీ అక్కడే. ఫోను చూద్దామంటే పైనున్న పొడుగు బండ ఎక్కితే తప్ప పలకదు. అందుకని తాతల నాటి బోర్డు పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ఒక్కో మనిషికి ఒక్కో దేవదారు బిళ్ళ, రెండువైపులా పేరు కాల్చి ఉంటుంది. ఒకపక్క తెలుపు, ఒకపక్క ఎరుపు. నీళ్ళమీదికి వెళ్ళేవాళ్ళు తమ బిళ్ళని ఎరుపుకి తిప్పుతారు. తిరిగొచ్చాక తెలుపుకి. గాలికి తిరక్కుండా ప్రతి బిళ్ళ కిందా చిన్న గాడి ఉంటుంది.

పొద్దు పడమటి గుట్ట వెనక్కి జారాక హేజెల్ గారు కర్ర పొడుచుకుంటూ వస్తుంది. డెబ్బై దాటిన మనిషి, రేవు పక్క మొదటి ఇల్లు ఆమెదే. బిళ్ళలన్నీ తెల్లగా ఉంటే గంట ఒక్కసారి కొట్టి వెళ్ళిపోతుంది. అందరూ ఇళ్ళు చేరారని అర్థం. ఒక్కటి ఎర్రగా ఉన్నా గంట ఆపకుండా కొడుతుంది. మోటారు పడవ ఉన్న ప్రతివాడూ తింటున్న కంచం వదిలి పరిగెత్తుకు రావాలి.

దీనికంతటికీ ఒకటే నియమం. ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పాలి. మొగుడు పెళ్ళానిది తిప్పకూడదు, తల్లి పిల్లలది తిప్పకూడదు. ఆఖరికి తిరిగిరాని మనిషి బిళ్ళని కూడా ఎవరూ తిప్పరు, ఎర్రగానే ఉంచుతారు. ఈ నియమాన్ని ఏటా పెద్ద అక్షరాల్లో రాసేది లోర్నాయే.

టిల్లీ బిళ్ళని గ్రాంట్ చేశాడు. సంఘం షెడ్డులో పాత సామాను సర్దుతుంటే బాగా ఎండిన దేవదారు ముక్క ఒకటి దొరికింది. సరిగ్గా బిళ్ళ కొలతే. ఒక మూల ఏదో జంతువు కొరికినట్టు చిన్న నొక్కు ఉంది. అది అందంగానే ఉందని అలాగే ఉంచి, పైపైన చిత్రిక పట్టి, కూతురి పేరు కాల్చి, రంగులేశాడు.

"పాత చెక్క ఎందుకు?" అంది లోర్నా. ఎందుకన్నదో ఆమెకే తెలీదు.

"కొత్త చెక్క వంగుతుంది. పాతది మాట వింటుంది, నీ కూతురిలా కాదు."

బిళ్ళ బోర్డుకెక్కిన నాలుగో రోజు పొద్దున్నే లోర్నా వార్తల కాగితం అంటించడానికి రేవుకి వెళ్ళింది. నీళ్ళమీద పొగమంచు ఇంకా లేవలేదు. బోర్డు మీద అన్నీ తెల్లగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. టిల్లీ పేరు ఎర్రగా ఉంది.

కాగితం చేతిలోంచి ఎప్పుడు జారిందో ఆమెకి తెలీదు. ఇంటిదాకా ఎలా పరిగెత్తిందో కూడా తెలీదు. దోమతెర తలుపు తోసి, పిల్ల గదిలోకి దూరి చూస్తే టిల్లీ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కత్తిరించిన జుట్టు ముళ్ళపందిలా నిక్కబొడుచుకుని ఉంది. లోర్నా ఆ తల మీద చెయ్యి పెట్టింది. పొడిగా, వెచ్చగా ఉంది. అలాగే మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

"ఏంటమ్మా" అని గొణిగింది టిల్లీ కళ్ళు తెరవకుండానే.

"రేవుకి వెళ్ళావా?"

"నిద్రలోనా?"

గ్రాంట్ నవ్వి తీసిపారేశాడు. "అవతలి కాటేజీ కుర్రాళ్ళ పనే అయ్యుంటుంది. నిన్ను ఆటపట్టించడం తేలికని ఈ సరస్సులో చేపలకి కూడా తెలుసు."

లోర్నా తిరిగి రేవుకి వెళ్ళింది. హేజెల్ గారికి చెప్దామనే వెళ్ళింది. కానీ ఆమె తలుపు ఇంకా తెరవలేదు. ఎర్రగా ఉన్న కూతురి పేరు వంక చూస్తూ నిలబడటం లోర్నా వల్ల కాలేదు. పిల్ల ఇంట్లో ఉంది, కళ్ళారా చూసొచ్చింది, ఇంకేమిటి. అటూ ఇటూ చూసి, చెయ్యి చాచి బిళ్ళని తెలుపుకి తిప్పేసింది. వేలికి చెమ్మ తగిలింది. మంచు అనుకుంది.

ఆ మధ్యాహ్నం వరండా ఊడుస్తుంటే మెట్ల మీద తడి అడుగులు కనిపించాయి. చిన్న పాదాలు, వేళ్ళు విడివిడిగా అచ్చుపడి ఉన్నాయి. మెట్లెక్కి, తలుపు దాటి లోపలికి వెళ్ళాయి. బయటికి వచ్చిన అడుగులు లేవు.

"టిల్లీ, కాళ్ళు తుడుచుకోమని ఎన్నిసార్లు చెప్పాలే?"

"నేనింకా నీళ్ళల్లోకే దిగలేదు" అంది టిల్లీ ఊయల మంచంలోంచి. ఆమె చేతిలో పుస్తకం, కాళ్ళకి మేజోళ్ళు ఉన్నాయి.

మర్నాడు పొద్దున బిళ్ళ మళ్ళీ ఎర్రగా ఉంది. లోర్నా మళ్ళీ తిప్పింది. ఆ మర్నాడూ అంతే. రోజూ అందరికంటే ముందు లేచి, పాలు లేవనో, నడక మంచిదనో చెప్పి రేవుకి వెళ్ళడం, కూతురి పేరుని తెల్లగా తిప్పి రావడం అలవాటైపోయింది. హేజెల్ గారికి చెప్పడం మాత్రం రోజురోజుకీ కష్టమైంది. మొదటి రోజే చెప్పి ఉంటే ఒక మాట. ఇప్పుడు చెప్తే, నియమం పెద్ద అక్షరాల్లో రాసిన చెయ్యే రోజూ దాన్ని తప్పుతోందని తేలుతుంది. వార్తల కాగితంలో అక్షరదోషాలకే ఏడాది పొడుగునా నవ్వుతారు. దీనికి నవ్వు కూడా నవ్వరు.

ఇంట్లో నాచు వాసన పట్టింది. కిటికీలన్నీ తీసినా పోలేదు. టిల్లీ గదిలో రెండో మంచం, చుట్టాలొస్తే వేసేది, ఎప్పుడు దుప్పటి మార్చినా తలగడ దగ్గర చెమ్మగా ఉండేది. గ్రాంట్ కప్పెక్కి పెంకులన్నీ చూశాడు. ఎక్కడా కారడం లేదన్నాడు.

ఒక పొద్దున టిల్లీ పాన్‌కేకు మీద తేనె పోసుకుంటూ, "అమ్మా, రాత్రి నా పక్కన వచ్చి పడుకున్నావు కదూ?" అంది.

"నేనా? లేదే."

"అబద్ధం. నీ కాళ్ళు ఐసుముక్కల్లా ఉన్నాయి. నేను కాస్త జరిగి చోటిచ్చాను."

లోర్నా చేతిలో అట్లకాడ ఆగిపోయింది. గ్రాంట్ వైపు చూసింది. అతను పేపరు వెనక ఉన్నాడు. "కల వచ్చుంటుందిలే" అంది చివరికి. ఆ మాట తనకే చెప్పుకున్నట్టు ఉంది. ఆ రోజు నుంచి టిల్లీని కెనూ ముట్టుకోనివ్వకుండా ఏదో ఒక వంక చెప్పడం మొదలుపెట్టింది. గాలి ఎక్కువగా ఉందని. మబ్బుందని. తెడ్డుకి పగులుందని.

"నాకు బిళ్ళ ఎందుకు చేయించారు మరి? గోడకి అందం కోసమా?" అంది టిల్లీ.

మొక్కజొన్న పండగ ముందురోజు లోర్నా తెల్లారకుండానే పట్నం వెళ్ళాల్సొచ్చింది. సరస్సు మొత్తానికీ కంకులు, వెన్న తేవడం ఆమె వంతు. అందువల్ల ఆ పొద్దున బోర్డు దగ్గరికి వెళ్ళలేదు. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కంకుల గోనెలు రేవు పక్క షెడ్డులో దింపుతుంటే బోర్డు కనిపించింది. టిల్లీ పేరు ఎర్రగా ఉంది.

పొద్దుటిదే అనుకుంది. ఇవాళ తను రాలేదు కదా, అలాగే ఉండిపోయింది. కుడిచేతిలో గోనె ఉంది. ఎడంచేత్తో, కంకి పీచు వదిలించుకున్నట్టు, బిళ్ళని తెలుపుకి తోసేసింది. బోర్డు వెనకే కెనూల అర ఉంది. తల అటు తిప్పి ఉంటే ఆకుపచ్చ కెనూ ఉండాల్సిన చోట ఖాళీ కనపడేది. ఆమె తిప్పలేదు. వెన్న కరిగిపోతోందని తొందరలో ఉంది.

ఇంటికొస్తే గ్రాంట్ మొహం మీద టోపీ పెట్టుకుని వరండాలో నిద్రపోతున్నాడు. లోర్నా తనతో తెచ్చుకున్న గోనె వంటగదిలో కుమ్మరించి కంకుల పొట్టు వొలవడం మొదలుపెట్టింది. గుట్ట కొంతే ఉందనిపించినా వొలిచిన కొద్దీ వస్తూనే ఉంది. కిటికీలోంచి వెలుగు పసుపుగా మారి, తర్వాత బూడిదగా మారింది. సరస్సు మీంచి మంచు ఆ వేళప్పుడు రాకూడదు, కానీ వచ్చింది. చెట్ల కాళ్ళు కనపడకుండా పోయాయి. అప్పుడు గంట వినిపించింది.

ఒక్కసారే.

లోర్నాకి వెన్నులో బిగువు సడలింది. ఆ ఒక్క గంట కోసమే ఆమె రోజంతా ఊపిరి బిగబట్టుకునేది. అందరూ వచ్చేశారు.

కాసేపటికి దోమతెర తలుపు స్ప్రింగు కిర్రుమంది. తడికాళ్ళ చప్పుడు, నేల చెక్కల మీద చపచపమంటూ, వంటగది పక్కనుంచి పిల్ల గదిలోకి వెళ్ళింది.

"టిల్లీ, ఆ తువ్వాలు తీసుకో. నేలంతా తడుపుతున్నావ్."

గదిలో మంచం చప్పుడైంది. కెనూ విషయంలో అలక ఇంకా తీరలేదన్నమాట. పోనీలే అనుకుని ఇంకో నాలుగు కంకులు వొలిచింది. మనసు ఊరుకోక లేచి గది గుమ్మం దాకా వెళ్ళింది. రెండో మంచం మీద పిల్ల గోడవైపు తిరిగి, ముడుచుకుని పడుకుని ఉంది. దుప్పటి నడుము దాకానే ఉంది. లోర్నా దుప్పటి భుజం మీదికి లాగింది. వేళ్ళకి చర్మం తగిలింది. బావిలో రాయంత చల్లగా ఉంది.

"వేడిగా కోకో పెడతానుండు" అంది. వంటగదిలోకి వచ్చి పాలు పొయ్యి మీద పెట్టింది. ఇంకో కంకి చేతిలోకి తీసుకుంది. కంకి కొసన పీచు పొడుగ్గా, తడిగా, పాయలుగా వేలాడుతోంది. దాని వంక చూస్తూ ఉండిపోయింది.

ఇందాక తలగడ మీద జడలున్నాయి. రెండు. తడిసి, నల్లగా, నడుము దాకా.

లోర్నా గదిలోకి ఎలా వెళ్ళిందో, దుప్పటి ఎలా లాగిందో. మంచం ఖాళీ. పరుపు మధ్యలో మనిషి ఆకారంలో తడి, తలగడ మీద ఒక నాచుపోగు. గోడకి కొట్టిన మేకు మీద టిల్లీ లైఫ్ జాకెట్ లేదు.

"గ్రాంట్." అరవలేదు. అరవడానికి గాలి చాల్లేదు. "గ్రాంట్, టిల్లీ ఏది?"

అతను టోపీ తీశాడు. "లూన్ పిల్లల్ని చూసొస్తానని కెనూ తీసుకెళ్ళింది. నువ్వు పట్నం నుంచి వచ్చే ముందే. వచ్చేసి ఉంటుందిగా, గంట మోగింది కదా."

లోర్నా అప్పటికే మెట్లు దిగిపోయింది.

రేవులో హేజెల్ గారు దీపం ఆర్పి ఇంటికి మళ్ళుతోంది. మంచులో ఆమె కర్ర చప్పుడే ముందు వినిపించింది. లోర్నా బోర్డు దగ్గర ఆగింది. బిళ్ళలన్నీ తెల్లగా, బుద్ధిగా ఉన్నాయి. కెనూల అరలో ఒకచోట ఖాళీగా ఉంది.

"ఏంటమ్మాయ్, ఆ ఆయాసం?"

"నేనే తిప్పాను" అంది లోర్నా. "టిల్లీ బయటే ఉంది. ఎర్రగా ఉంటే నేనే తెల్లగా తిప్పేశాను. రోజూ తిప్పుతున్నాను. పిల్ల ఇంట్లో ఉన్నా రోజూ ఎర్రగా ఉంటోంది, అందుకని." చెప్తూనే బిళ్ళని ఎరుపుకి తిప్పింది. ఆ విసురుకి బిళ్ళ మేకు మీంచి ఊడి కింద పడింది.

హేజెల్ గారు వంగి తీసింది. తడికి కొత్త రంగు పొక్కులు పొక్కులుగా లేచి ఉంది. ఆమె బొటనవేలు నొక్కు ఉన్న మూల దగ్గరికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

"ఇది ఎక్కడిది?"

"షెడ్డులో దొరికింది. గ్రాంట్ చిత్రిక పట్టాడు."

"ఈ మూల ముళ్ళపంది కొరికింది. చేతి చెమట ఉప్పు కోసం వస్తాయి అవి. మా అక్క ఏడ్చింది, కొత్త బిళ్ళ పాడైందని." హేజెల్ గారి గొంతు మామూలుగానే ఉంది, అదే భయంగా ఉంది. "ఐరీన్ బిళ్ళ ఇది. నాకప్పుడు ఏడేళ్ళు. కెనూ దొరికింది, అక్క దొరకలేదు. ఒక చలికాలం మంచు ఒత్తిడికి బోర్డు విరిగినప్పుడు బిళ్ళ కూడా పోయిందనుకున్నాం."

లోర్నా బిళ్ళ తిప్పిన వేళ్ళని గట్టిగా తుడుచుకుంది.

"మా అక్క ఇంకా నీళ్ళమీదే ఉంది. బిళ్ళ ఉన్నమాటే చెప్పింది. ఇల్లు చేరిందని రోజూ నువ్వు చెప్పించావు." ఆమె బిళ్ళని మేకుకి తగిలించింది, ఎరుపు బయటికి కనపడేలా. "మా అమ్మకి జరిగింది నీకు జరక్కూడదు. నిలబడతావేం, గంట కొట్టు."

లోర్నా తాడు పట్టుకుంది. ఎంతసేపు కొట్టిందో ఆమెకే తెలీదు. అరచేతులు బొబ్బలెక్కాయని తర్వాత చూసుకుంది. తలుపులు తెరుచుకున్నాయి, దీపాలు కదిలాయి, మంచులోంచి మనుషులు రావడం మొదలైంది. ఎవరూ ఎవరు, ఏమిటి అని అడగలేదు. బోర్డు వంక ఒక్క చూపు చూసి పడవల్లోకి దిగారు. గ్రాంట్ పడవ ముందు కదిలింది. లోర్నా అందులోకి దూకింది. పడవలో లేచి నిలబడకూడదని రాసిన మనిషి, దారి పొడుగునా నిలబడే ఉంది.

మంచులో వెతికే పద్ధతి అక్కడివాళ్ళకి తెలుసు. కొంతదూరం వెళ్ళి అన్ని మోటార్లూ ఒకేసారి ఆపేస్తారు. ఊపిరి కూడా గట్టిగా తీయకుండా వింటారు. ఏమీ వినపడకపోతే మళ్ళీ ముందుకి.

మొదటిసారి ఆపినప్పుడు పడవ అంచుకి నీళ్ళు తట్టుకునే చప్పుడే. రెండోసారి లూన్ ఒకటి ఏడ్చినట్టు కూసింది. లోర్నా ఆ కూతని కూతురి గొంతుగా విని గ్రాంట్ చొక్కా పట్టుకుంది. మూడోసారి ఆపినప్పుడు, ఎక్కడో కుడిచేతి వైపు, సన్నగా, తెగుతూ తెగుతూ ఈల.

గూనిబండ మీద తెల్లడబ్బాలకి లోపలిపక్క టిల్లీ నడుముల్లోతు నీళ్ళలో కూర్చుని ఉంది. బోర్లాపడ్డ కెనూని రెండు చేతులా పట్టుకుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. పళ్ళ మధ్య ఈల అలాగే ఉంది. గ్రాంట్ పైకి లాగుతున్నప్పుడు కూడా వదల్లేదు. లోర్నా తన స్వెట్టరు విప్పి చుట్టి, పిల్లని ఒళ్ళోకి లాక్కుని, కత్తిరించిన ఆ జుట్టులో మొహం పెట్టుకుంది.

"డబ్బాలు కనపడలేదమ్మా" అంది టిల్లీ, మాటలు వణుకుతూ. "మంచు ఒక్కసారే వచ్చేసింది."

"మాట్లాడకు."

"బిళ్ళ నేను తిప్పలేదు. నేను వెళ్ళేసరికే ఎర్రగా ఉంది. నువ్వే నాకు సెలవిచ్చి తిప్పావనుకున్నా."

గ్రాంట్ మోటారు తాడు లాగబోతూ ఆగాడు.

"ఆ అమ్మాయి దొరికిందా?" అంది టిల్లీ.

"ఏ అమ్మాయి?"

"నాతోపాటు బండ మీద కూర్చుంది కదా, అంతసేపూ. చలి వేయట్లేదా అంటే అలవాటైందంది. నిద్రొస్తోందంటే పోనివ్వలేదు, ఈల ఊదు, ఈల ఊదు అని ఒకటే గొడవ. తర్వాత గంట మోగింది. ఒక్కసారి. నాకు ఏడుపొచ్చింది, అందరూ వచ్చేశారని కొట్టేశారు కదా, ఇంక ఎవరూ రారని. ఆ అమ్మాయి మాత్రం లేచింది. నన్ను ఇంటికి పిలుస్తున్నారు, పోతాను అంది." టిల్లీ తల్లి గుండెల్లోకి ఇంకా ముడుచుకుంది. "పోతూ పోతూ, నీ గదిలో రెండో మంచం ఇవాళ కూడా ఖాళీయేనా అని అడిగింది. ఖాళీయే అన్నాను."

లోర్నా నీళ్ళ వంక చూడలేదు. "ఇంటికి పోనీ" అంది భర్తతో.

రెండ్రోజుల తర్వాత గ్రాంట్ కొత్త దేవదారుతో టిల్లీకి బిళ్ళ చేశాడు. పాతదాని రంగు హేజెల్ గారే గీకింది. చిత్రిక లోతుగా పడలేదు కాబట్టి, టిల్లీ పేరు కింద ఐరీన్ అన్న అక్షరాలు ఆనవాలుగా బయటపడ్డాయి. ఆమె దాన్ని పై వరసలో, మొదటి మేకుకి, ఎరుపు బయటికి ఉండేలా తగిలించింది. సాయంత్రాలు గంట కొట్టే ముందు దాన్నొక్కదాన్నీ లెక్కలోంచి వదిలేస్తుంది.

లోర్నా సంఘం ముందు నిలబడి జరిగింది చెప్పింది. తను బిళ్ళ తిప్పిన సంగతి అంతా చెప్పింది, జడల సంగతి చెప్పలేదు. వార్తల కాగితం ఇంకెవరికైనా ఇవ్వమంది. అందరూ మళ్ళీ బూట్ల వంక చూసుకున్నారు. ఇక ఆమే రాసింది. ఆ సంచికలో లూన్ పక్షులకి అసలు చోటే దక్కలేదు.

ఆగస్టు చివర్లో టిల్లీ మళ్ళీ కెనూ తీసింది. వద్దనడానికి లోర్నా నోరు తెరిచింది, మూసుకుంది. రేవులో హేజెల్ గారి పక్కన బల్ల మీద కూర్చుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది.

"అలా ఎందుకు కూర్చున్నావ్?" అంది హేజెల్ గారు.

"మళ్ళీ ఏదైనా తిప్పుతానేమోనని."

ముసలామె నవ్వింది, చప్పుడు లేకుండా. టిల్లీ తెడ్డు తళుక్కుమంటూ, మాయమవుతూ, మళ్ళీ తళుక్కుమంటోంది.

"మా అమ్మ పోయేదాకా రోజూ మెట్ల మీద పొడి తువ్వాలు ఒకటి మడిచి పెట్టేది" అంది హేజెల్ గారు.

లోర్నా గొంతు తగ్గించింది. "తడిసేదా?"

"ఏమో. ఆ తువ్వాలు అమ్మే ఉతికేది. మమ్మల్నెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు."

పొద్దు వాలకముందే టిల్లీ వచ్చింది. కెనూ ఒడ్డుకి లాగి, తల్లి చూస్తుండగా, తన బిళ్ళని తనే తెలుపుకి తిప్పింది. హేజెల్ గారు గంట ఒక్కసారి కొట్టింది. పై వరసలో ఎర్ర బిళ్ళ కొస నుంచి ఒక నీటిబొట్టు జారి, కింద చెక్కల మీద పడింది. టిల్లీ చూడలేదు. ఇద్దరు ఆడవాళ్ళూ చూశారు.

కాటేజీ మూసి పట్నం వెళ్ళేదాకా లోర్నా ప్రతి సాయంత్రం తలుపు గడియ పెట్టి, అది సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసేది. గడియ పెట్టేముందు మాత్రం, ఎవరూ చూడకుండా, కింది మెట్టు మీద ఒక పొడి తువ్వాలు పెట్టేది. పొద్దున అది బరువుగా, నాచు వాసనతో ఉండేది. మిగతా వాటితో కలపకుండా దాన్ని విడిగా ఉతికి, ఎండ బాగా తగిలేచోట ఆరేసేది. గ్రాంట్ సాయానికి వస్తే, "అది నువ్వు ముట్టుకోకు" అనేది.